తల్లుల గదిలో సాక్ష్యం

కాజాలక్కకు ఒళ్లు మండింది. మండదా మరి? స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో వారమంతా చొక్కాలకు కాజాలు కుట్టే మనిషికి ఆదివారం ఒక్క పూటైనా దేవుడి మాట చెవిన పడాలని ఉండదా? ముగ్గురు పిల్లలు వరసగా పుట్టారు. ఆ తొమ్మిదేళ్లూ ఆమె చర్చిలో కూర్చున్నది తల్లుల గదిలోనే.

నాలుగేళ్లు నిండని బిడ్డ ఉన్న తల్లి హాల్లో కూర్చోకూడదన్నది ఆ చర్చి పద్ధతి. బిడ్డ ఏడిస్తే పెద్దల భక్తి చెదిరిపోతుందట. వెనక ఒక గది కట్టి, మధ్యలో అద్దం బిగించి, గోడకు ఒక స్పీకరు తగిలించి, మహా ఉపకారం చేశామనుకున్నారు. ఆ స్పీకరు మూగబోయి ఏళ్లయింది. హాల్లో వాళ్లకు తెలిసే దారే లేదు, వాళ్లెవరూ ఆ గదిలో అడుగు పెట్టరు కదా. తల్లులు చెబితే, "మీ పిల్లల గోలలో మీకే వినబడి ఉండదమ్మా" అని నవ్వేసేవారు. కాజాలక్క కూడా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి మానేసింది. అద్దంలోంచి పాస్టరు గారి చేతులు చూసి, ఇవాళ పరలోకమా, నరకమా అని తల్లులు పందేలు వేసుకునేవారు.

ఇప్పుడు ఆమె చిన్నవాడికి నాలుగేళ్లు నిండాయి. ఆమెకు హాల్లోకి ప్రమోషన్ వచ్చింది. పైగా తల్లుల ఆదివారం నాడు, దేవుడు తన బతుకులో చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ ఇంటికొచ్చి మరీ అడిగింది. కాజాలక్క కూర్చుని ఉన్నది ఉన్నట్టు రెండు పేజీలు రాసింది. పాస్టరమ్మ పెన్ను తీసి అడ్డంగా గీతలు కొట్టేసింది. రెండోవాణ్ణి మంచం మీద పడేసి, తలుపు దగ్గరేసి, గడప మీద కూర్చుని ఏడ్చిన ముక్క ముందు పోయింది.

"ఇవన్నీ ఎందుకమ్మా? విన్నవాళ్లు సంతోషించాలి."

"జరిగిందే రాశానమ్మగారూ."

"జరిగినవన్నీ చర్చిలో చెప్పుకుంటామా?"

చివరికి ఆరు లైన్లు మిగిలాయి. వాటిలో ఎవరో పుణ్యాత్మురాలు ఉంది గానీ కాజాలక్క లేదు.

ఆదివారం ఆరాధనకు ముందు, కుళాయి దగ్గర పక్కసందు బాలింత ఆమె చెయ్యి పట్టుకుంది. చంకలో నెలన్నర పిల్లాడు. కళ్ల కింద నల్లటి చారలు.

"అక్కా, ఎవరితోనూ అనకు. వీణ్ణి చూస్తే నాకేమీ అనిపించడం లేదు. పాలిస్తున్నా, కడుగుతున్నా, అంతే. ఎటైనా పోవాలనిపిస్తోంది. నేను పాపినేనా? వచ్చేవారం నుంచి రాను. ఏ మొహం పెట్టుకుని రావాలి?"

కాజాలక్క జవాబు చెప్పేలోగా పాట మొదలైంది. బాలింత తల వంచుకుని గదిలోకి వెళ్లిపోయింది.

పాస్టరు గారు ముప్పావుగంట మాట్లాడారు. మాట దాచడమెందుకు, మంచి ప్రసంగమే. తల్లి అలసట దేవుడు చూస్తాడన్నారు, ఆమె కన్నీళ్లు ఆయనకు తెలుసన్నారు. విన్నదెవరు? ముందు వరసల్లో మగవాళ్లు, తర్వాత పెళ్లికాని కుర్రకారు, పిల్లల్ని ఎప్పుడో పెంచేసిన పెద్దమ్మలు. కాజాలక్క వెనక్కి తిరిగి చూసింది. అద్దం అవతల బాలింత గోడకు ఆనుకుని, పెదవుల కదలికలు చూస్తూ కూర్చుంది. ఎవరి కోసం చెబుతున్నారో ఆమెకే ఒక్క ముక్క అందడం లేదు. కాజాలక్కకు పట్టరాని కోపం వచ్చింది. నవ్వి ఊరుకున్నవాళ్ల మీద, అంతకన్నా ఎక్కువగా, నోరు మూసుకున్న తన మీద.

పేరు పిలిచారు. కాజాలక్క లేచింది. కానీ వేదిక వైపు కాదు, వెనక్కి నడిచింది. తల్లుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

"నువ్వు పాపివి కాదు," అంది బాలింత ఎదుట చతికిలబడి. "ఒళ్లు హూనమైపోయిన మనిషివి. నా రెండోవాడప్పుడు నాకూ ఇంతే. వాణ్ణి వదిలేసి గడప మీద ఏడ్చాను. దేవుడి మీద అరిచాను కూడా. ఆయనేం అలిగి పోలేదు. బైబిల్లో, చెట్టు కింద పడి చచ్చిపోతానన్న ప్రవక్తకి దేవుడు ముందు ప్రసంగం చెప్పాడా? పడుకోనిచ్చాడు. లేపి తిండి పెట్టించాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మాటలన్నీ ఆ తర్వాతే. పిల్లాణ్ణి ఇటివ్వు. రేపు షెడ్డుకు సెలవు పెడతా, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

బాలింత వెక్కి వెక్కి ఏడ్చింది. మిగతా తల్లులు చాప పరిచి, తలకింద ఒక సంచీ పెట్టారు.

కాసేపటికి తలుపు తోసుకుని పాస్టరమ్మ వచ్చింది, మొహం ఎర్రగా చేసుకుని.

"ఏంటమ్మా ఈ పని? అందరూ ఎదురుచూస్తున్నారు. సాక్ష్యం చెప్పవా?"

"చెప్పేశానమ్మగారూ. మీరు కొట్టేసిందే చెప్పాను. కాస్త మెల్లగా మాట్లాడండి, ఇప్పుడే నిద్ర పట్టింది."

పాస్టరమ్మ ఆమె ఒళ్లోకి చూసింది. పిల్లాడు కళ్లు విప్పార్చుకుని చూస్తున్నాడు.

"వీడు మెలకువగానే ఉన్నాడుగా."

"వాడికి కాదు," అంది కాజాలక్క. "వాళ్లమ్మకి."