ఆరు ముడుల బొందు

మొన్న కలరా ఉండలు వేద్దామని ఇనప్పెట్టె తీసి చీరలు మంచం మీద పరుస్తుంటే, మడతల్లోంచి తెల్ల బొందొకటి జారి పడింది. లంగాకి ఎక్కించే మామూలు బొందే. మా మనవరాలు గభాలున అందుకుని జడకి కట్టుకోబోయింది. "దాన్ని ముట్టుకోకు!" అని నేను అరిచిన అరుపుకి పిల్ల బిక్కమొహం వేసింది. తేలో జెర్రో అనుకుని మా కోడలు పక్క గదిలోంచి చీపురుతో సహా పరిగెత్తుకొచ్చింది. పాత బొందు ముక్కకి ఇంత రభసేమిటని ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. దానికి ఆరు ముడులున్నాయని, అవి నేను వేసినవి కావని వాళ్ళకేం చెప్పను? మీకు చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

తొంభైల మొదట్లో నేను బహ్రెయిన్‌లో, జింజ్‌లో ఒకరింట్లో వంటపని చేసేదాన్ని. మా వీధిలోనే రెండిళ్ళ అవతల పిన్ని పిల్లల్ని చూసే పనిలో ఉండేది. సొంత పిన్ని కాదు, మా అమ్మకి పినతల్లి కూతురు. నన్నక్కడికి పిలిపించిందీ, అరబ్బు పొయ్యి వెలిగించడం నేర్పిందీ, మొదటి నెలంతా నేను ఏడుస్తుంటే "ఏడుపు అయ్యాకే అన్నం" అని నవ్వించిందీ ఆవిడే. అప్పటికి మాకు తెలిసిన తెలుగువాళ్ళందర్నీ పోగేసినా ఒక బస్సు నిండేది కాదు. శుక్రవారం మధ్యాహ్నం సెలవు దొరికితే అంతా హూరా పేటలో, మూడో అంతస్తులో ఉండే మేస్త్రీ గారింటికి చేరేవాళ్ళం. ఇల్లంటే ఒక్క గదీ, వెనక గొడుగంత బాల్కనీ. మేస్త్రీ గారి భార్య కొంగున కట్టి తెచ్చిన గోంగూర గింజలు పెయింటు డబ్బాల్లో చల్లి, ఏసీలోంచి కారే నీళ్ళు పట్టి పోసేది. ఆ మొక్క ఆకు వేసినా వార్తే, పురుగు పట్టినా వార్తే. మొదటిసారి పచ్చడి చేసిన రోజు మనిషికి ఉసిరికాయంత వచ్చింది. ఒకాయన దాన్ని తినకుండా చాలాసేపు వాసన చూస్తూ కూచున్నాడు. మేమెవరమూ నవ్వలేదు.

ఆ గదిలో ఒక కుట్టుమిషను ఉండేది. వారమంతా కట్టడం పని చేసే నిజామాబాదు అన్న శుక్రవారం దాని ముందు కూచునేవాడు. ఊళ్ళో అతనిది దర్జీ పనే. "ఇది బహ్రెయిన్ కదా అన్నా, దుబాయి అంటావేంటి?" అంటే, "ఏదైతేంది చెల్లె, అమ్మను ఇడిసి వచ్చినంక అంత దుబాయే" అనేవాడు. మా జాకెట్లూ, మగాళ్ళ ప్యాంట్లూ అన్నీ అతని చేతి మీదే అయ్యేవి.

పిన్ని సంగతి చెప్పాలి. బాబాయి నడుం విరిగి మంచాన పడితే, ఏడాదిన్నర కూతుర్ని వాళ్ళమ్మ చేతిలో, అంటే మా చిన్నమ్మమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కింది. పాలు మాన్పించి నెల కూడా కాలేదు. జింజ్ ఇంట్లో దిగేసరికి అక్కడ మేడమ్ కూతురికీ సరిగ్గా ఏడాదిన్నర. ఇద్దరి పుట్టిన రోజులకీ తేడా పన్నెండు రోజులట. ఆ పిల్ల పిన్ని చంకలోనే పెరిగింది. నేను పిలుస్తుంటే విని తనూ "పిన్నీ" అనేది. రెండిళ్ళ అవతల నుంచి "పిన్నీ, ఆకలేత్తంది!" అని అచ్చం మా గోదారి యాసలో కేక వినపడేది. మేడమ్ నవ్వి, "మీకు అరబ్బీ రాకపోయినా ఫర్వాలేదు, మా అమ్మాయే మాటలు మార్చి చెబుతుంది" అనేది. ఆ పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని తీయించుకున్న ఫొటో ఒకటి పిన్ని ఇంటికి కూడా పంపింది.

ప్రతి రంజాన్ ముందూ మేడమ్ పిల్లకి కొత్త బట్టలు కుట్టించేది. అప్పుడే పిన్ని తన లంగా బొందు తీసి, ఒక చివర పిల్ల భుజం మీద ఆనించి, మోకాలి దాకా లాగి అక్కడ ముడి వేసేది. ఇద్దరూ ఒకే ఈడు కదా, దీని ఎత్తే దాని ఎత్తు. ఆ ముడి పట్టుకుని శుక్రవారం హూరాకి వచ్చి కూతురికి గౌను కుట్టించేది. మూడో ఏడు నిజామాబాదు అన్న బొందు సాగదీసి చూసి, "అక్కా, మనోళ్ళ పోరి గింత పొడుగుంటదా? జర తక్కువ వెట్టి కుడ్త" అన్నాడు. పిన్నికి చర్రున కోపం వచ్చింది. "ఏం, నా కూతురు ఎవరికన్నా తక్కువా? ముడి ఎక్కడుందో అక్కడికే కుట్టు!" అంది. ఆయన తల వంచుకుని మిషను తొక్కాడు. ఊరి నుంచి వచ్చిన ఫొటోల్లో పిల్ల ఆ గౌన్లు వేసుకుని కుర్చీలో బుద్ధిగా కూచుని ఉండేది. పిన్ని వాటిని అందరికీ చూపించేది.

పిన్ని సెలవు మాత్రం ప్రతిసారీ ఏదో వంకన వాయిదా పడేది. ఒకసారి మేడమ్ పురుడు, ఒకసారి బాబాయికి ఆపరేషను. నాలుగో గౌను కుట్టిన ఏడు నేను ముందు ఇంటికెళ్ళాను. గౌను నా చేతికే ఇచ్చి, "వేసి చూడవే, ఎలా ఉందో నీ కళ్ళతో చూసి చెప్పు" అంది. చూశాను. గౌను పిల్ల పిక్కల దాకా దిగింది, భుజాలు జారిపోయాయి. సన్నగా, పొట్టిగా, కళ్ళు మాత్రం ఇంతేసి ఉన్న పిల్ల. చిన్నమ్మమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. ప్రతి గౌనూ రెండేళ్ళు పెట్టెలో పెడితే గానీ ఒంటికి రాదట. ఫొటోకైతే వెనక పిన్నీసులు గుచ్చి, కుర్చీలో కూచోబెట్టి తీయిస్తుందట. "చెప్పకే తల్లీ! అదక్కడ ఆ గౌన్ల మీదే బతుకుతుంది" అని నా గడ్డం పట్టుకుంది.

నేను తిరిగొచ్చేసరికి పిన్ని గేటు దగ్గరే నిలబడి ఉంది. "సరిపోయిందా?" అని అడిగింది. "కొలిచి కుట్టినట్టుంది పిన్నీ" అన్నాను. ఆవిడ మొహం ఎంత వెలిగిందో! ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేది? ఓ రోజు ఏడ్చి, మర్నాడు సెలవు కోసం పట్టు పట్టేదేమో. నా నోరు పడిపోనూ, అనేశాను.

ఆరో ముడి వేసిన ఏడు పిన్నికి సెలవు దొరికింది. లేత గులాబీ గౌను, జేబుల దగ్గర తెల్ల లేసు. రెండు నెలలకి తిరిగొచ్చింది. జింజ్ పిల్ల "పిన్నీ!" అని పరిగెత్తుకొచ్చి నడుం చుట్టేసుకుంటే, పిన్ని రెండు చేతులూ అలాగే గాల్లో ఉంచి నిలబడింది. ఆ శుక్రవారం హూరా బాల్కనీలో, గోంగూర డబ్బాల పక్కన కూచుని నాకు చెప్పింది. గౌను చేతిలో పట్టుకుని "రా అమ్మా, వేస్తాను" అంటే పిల్ల వచ్చిందట. మారాం చెయ్యలేదు, ఏడవలేదు. గౌను అందుకుని, నేల మీద పరిచి, చక్కగా మడత పెట్టి, పెట్టె తీసి అడుగున పెట్టిందట.

"ఇప్పుడు కాదండి. రెండేళ్ళు పోయాక నాకొత్తాది. ఇది మీ ఒళ్ళో కూచున్న పాప కొలత కదా" అందట.

తల్లిని "అండి" అంది. ఎవరో ఇంటికొచ్చిన పెద్దావిడతో మాట్లాడినట్టు.

పిన్ని చెప్పడం ఆపి నా వంక చూసింది. "నువ్వు చూశావు కదే?" అంది. చూశానన్నాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. సంచీలోంచి ఈ బొందు తీసి నా ఒళ్ళో పడేసి, "నీ దగ్గరుంచు. నా కళ్ళ పడనివ్వకు" అంది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. నిజామాబాదు అన్న తల వంచుకుని, సూదిలో ఉన్న దారాన్నే తీసి మళ్ళీ ఎక్కించుకున్నాడు.

ఆ తర్వాత పిన్ని ఎప్పుడూ గౌను కుట్టించలేదు. కత్తెర పెట్టని గుడ్డ పంపేది. మీరే కొలుచుకోండి అని రాయించేది. ఇంకో నాలుగేళ్ళు చేసి, పూర్తిగా ఊరొచ్చేసింది. కూతురి చదువూ, పెళ్ళీ, పురుళ్ళూ అన్నీ దగ్గరుండి చేసింది. పిన్ని పోయి నాలుగేళ్ళయింది. ఆ అమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది, కనపడితే ఆప్యాయంగా పలకరిస్తుంది. తల్లి గురించి మంచిగానే మాట్లాడుతుంది. కానీ "మా అమ్మ" అనదు, "ఆవిడ" అంటుంది.

మొన్న మనవరాలు నిద్రపోయాక బొందు మంచం మీద పరిచి, మొదటి ముడి మీద బొటనవేలు ఆనించి చెయ్యి చాపాను. చిటికెన వేలు ఆరో ముడికి తగిలింది. ఆరు రంజాన్లూ కలిపి జానెడే. ఆ జానెడు దూరం దాటి కూతురి దగ్గరికి చేరడానికి, పిన్నికి ఆ తర్వాత మిగిలిన బతుకంతా చాలలేదు.