అనంతగిరి రోడ్డు మీద నా సాధన

అరవయ్యో దశకం మొదట్లో నేను వికారాబాద్‌లో గుమాస్తాను. తాండూరు దాకా పరుగు పందెమని తెలిసి, పాతిక మైళ్లు నాకో లెక్కా అని పేరిచ్చాను. రెండు నెలల సాధనలో క్రమం తప్పకుండా చేసింది బాదం పాలు తాగడమొక్కటే. వారం మిగిలిందనగా అనంతగిరి రోడ్డెక్కి పరుగు మొదలుపెట్టాను. రెండో మలుపుకే రొప్పుతూ చతికిలబడితే, వెనక వస్తున్న బస్సు ఆగింది.

"గుట్టకేనా? జల్ది ఎక్కు" అన్నాడు కండక్టర్. కాదనడానికి ఊపిరి లేదు, మనసూ లేదు. ఎక్కి చూద్దును కదా, పక్క సీట్లో పందెం పెట్టిన డ్రిల్లు మాస్టర్ రహీం సాబ్.

"టికెట్ తీస్కొని ఉరుకుడు గిప్పుడే చూస్తున్న" అంటూ ఆయన జేబులోంచి జాబితా తీసి, నా ఎదుటే నా పేరు కొట్టేశారు.

సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ నిజం చెబుతున్నాను, అంత హాయి నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.