ఆళ్లగడ్డ బస్సులో వచ్చిన సీసా

మొన్న మా అక్క మనవరాలికి తోడుగా కర్నూలులో ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడ గోడకు పెద్ద పటం తగిలించి ఉంది. వీర్యాన్ని శుద్ధి చేసే పద్ధతులెన్ని, దేనిలో ఏం లాభం, ఏం నష్టం అని రంగుల బొమ్మలతో వేశారు. మిగతావాళ్ళు దాన్ని చూడనట్టే తలలు వంచుకుని కూర్చుంటే, నేను మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఆ మూల నుంచి ఈ మూల దాకా చదివాను. చదవకేం, నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కదా!

ఎనభైలలో నంద్యాలలో ఒక డాక్టరమ్మ నర్సింగ్ హోములో నేను ల్యాబ్ పని చూసేదాన్ని. ఆవిడ మద్రాసులో నేర్చుకొచ్చి నాకు రెండు పద్ధతులు నేర్పారు. ఒకటి, వీర్యంలో పోషక ద్రవం కలిపి సెంట్రిఫ్యూజ్ అనే మిషన్లో గిరగిరా తిప్పడం. వీర్యకణాలన్నీ అడుక్కి చేరతాయి, కానీ బతికినవాటితో పాటు చచ్చినవీ వస్తాయి. రెండోది, ఆ ద్రవాన్ని వీర్యం పైన పోసి కదపకుండా వెచ్చగా ఉంచడం. చలాకీ అయినవి వాటంతట అవే పైకి ఈదుకొస్తాయి, తక్కువే గానీ మేలైనవి. కణాలు బొత్తిగా తక్కువున్నవాళ్ళకు మొదటిదే గతి. ఎవరికి ఏది మంచిదని డాక్టరమ్మా నేనూ తెగ వాదులాడుకునేవాళ్ళం.

అయితే ఏ పద్ధతికైనా ముందు మగమనిషి ఆసుపత్రి గడప తొక్కాలి కదా, ఆ రోజుల్లో అదే పెద్ద గండం. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చేది, సేద్యం చేసుకునేవాళ్ళ ఇంటి కోడలు, నా ఈడుదే. ఆ ఏడు కడుపు పండకపోతే కొడుక్కి మరో పెళ్ళి చేస్తానని అత్త తేల్చి చెప్పేసింది. ఆమెకు పరీక్షలన్నీ చేసి, నీలో ఏ లోపమూ లేదు తల్లీ అని నేనే చెప్పాను. ఇక చూడవలసింది భర్తనే. కబురు పెడితే ఆయన "నేనేమన్నా రోగిష్టోన్నా, ఆడికి రావల్లంటే?" అన్నాడట. బతిమాలగా బతిమాలగా ఇంట్లోనే సీసాలో పట్టి ఇచ్చేందుకు మాత్రం ఒప్పుకున్నాడు. ఆమె దాన్ని చల్లారిపోకుండా నడుము దగ్గర చీర మడతలో దోపుకుని, ఊరూరా ఆగే బస్సెక్కి వచ్చేది. గంటలోపు చేరవలసిన సీసా బాగా ఎండెక్కాక చేరేది. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కటీ కదిలేది కాదు. దారిలో చచ్చాయో, మొదటినుంచీ అంతేనో, ఆయన రానిదే తేల్చడానికి లేదు.

"మిషన్లో తిప్పితే లేస్తాయేమో చూడుక్కా" అంది ఒకసారి నా చెయ్యి పట్టుకుని. తిప్పితే వేరవుతాయే గానీ ప్రాణం రాదని తెలిసీ ఆమె కోసం ఇంకోసారి తిప్పి చూశాను. ఆ మనిషి మీద ఒళ్ళు మండిపోయేది నాకు. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పి పంపినా ఆయన కదలనే లేదు. ఆ వేసవిలో మరో పెళ్ళి జరిగిపోయింది, ఆమె రావడం మానేసింది.

కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చింది, సగమైపోయి. వెంట పసితనం వీడని ఒక అమ్మాయి. ఆయన రెండో భార్య. ఆ పిల్లకూ కడుపు పండలేదు, ఇప్పుడు అత్త నోరు ఈ పిల్ల మీద పడింది. వైద్యానికి తెచ్చిందనుకుని నేను చీటీ రాయబోతే వద్దంది.

"మందులేం వద్దుక్కా. పరీక్ష చేసి, తప్పు దీంది కాదని నీ నోటితో చెప్పు. నేను చెప్తే సవతి మాటనుకుంటాది."

పరీక్ష చేశాం, చెప్పాను. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడిచింది. పెద్దామె తన కొంగుతో దాని కళ్ళు తుడిచి, బస్సు పోతుందని లేవదీసింది.

ఇప్పుడు భర్తలు భార్యల పక్కనే కూర్చుంటున్నారు. మొన్న పేరు పిలవగానే మా మనవరాలి భర్త లేచి, సీసా అందుకుని లోపలి గదికి వెళ్ళాడు, ఎవరూ తలెత్తి చూడనైనా లేదు. ఆ కుర్రవాడి మీద నాకు ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. ఆనాడు ఒక్క మనిషి ఈ నాలుగడుగులు వేసి ఉంటే, ఇద్దరు ఆడవాళ్ళకు గొడ్రాళ్ళన్న పేరు వచ్చేది కాదు కదా అనిపించి, అంతమంది మధ్య కూర్చుని ఏడ్చేశాను.