మా బావ ప్రారంభోత్సవాలు

మా బావ చేత రిబ్బన్ కోయించాలంటే దేవుడు దిగి రావాలి. కొత్తగా కట్టింది ఏదైనా సరే, ముందు తను వాడి చూడాల్సిందే. మేయరైన మొదటి రోజు నుంచీ ఇదే వరస. ఆయన వెనకాల కత్తెర పట్టుకు తిరిగిన బావమరిదిని నేను, నా తిప్పలు నాకే తెలుసు.

ఆసుపత్రి ప్రారంభించమంటే మంచమెక్కి దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు.

"లేవండి సార్, ఫొటోలు తీయాలి" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఉండవయ్యా, ఈ మంచం కిర్రుకిర్రుమంటోంది. పక్కవాడు నిద్రపోయేదెలా?"

మంచాలు మార్చేదాకా కత్తెర ముట్టుకుంటే ఒట్టు. బజారులో మరుగుదొడ్డి తెరవమన్నప్పుడైతే, బయట బ్యాండు వాయిస్తుండగానే లోపలికి దూరి, "గొళ్లెం పడటం లేదు!" అని అక్కణ్నుంచే కేకేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. జనానికి మాత్రం తెగ నచ్చేశాడు. ఓట్లు గుద్ది మరీ రాజధానికి పంపారు. అక్కడ ఏకంగా రైళ్ల మంత్రిని చేశారు. ఇకనైనా మారతాడనుకున్నాను. మారితే మా బావెందుకవుతాడు?

కొత్త రైలు ప్రారంభం. ప్లాట్‌ఫాం మీద ప్రధాని పచ్చజెండా పట్టుకుని నిలబడ్డారు. మా బావ సరాసరి ఇంజనెక్కాడు. వెనకాలే నేనూ ఎక్కాను. లోపల డ్రైవరమ్మ బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. ఎక్కడో చూసిన మొహమే.

"అమ్మా, నాకు అర్జెంటు. ఇందులో ఎక్కడ?" అన్నాడు బావ పొట్ట పట్టుకుని.

"ఇంజన్లో ఉండదు సార్."

"మరి రోజంతా నువ్వేం చేస్తావు?"

ఆవిడ తలొంచుకుంది. "మంచినీళ్లు తాగను సార్."

బావ కిటికీలోంచి తల బయటపెట్టి, "జెండా దించండి! ఇంజన్లో మరుగుదొడ్డి కట్టేదాకా ఈ బండి కదలదు!" అని మైకు లేకుండానే అరిచాడు.

పెద్దాఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "మీకెవరు చెప్పారు సార్? పేరు చెప్పండి, ఇవాళే ఇంటికి పంపించేస్తాను."

డ్రైవరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒకళ్లు చెప్పాలా? నా కడుపు చెప్పింది. దాన్ని పంపించు ఇంటికి!"

ఈలోగా ప్రధాని కూడా దగ్గరికొచ్చారు. "మంత్రిగారూ, మీకు పదవి మీద ఆశ లేదా?"

"లేకేమండీ! కానీ ఆపుకోలేకపోతున్నాను."

ప్రధాని పకపకా నవ్వి జెండా చుట్టేశారు. అన్ని ఇంజన్లలోనూ కట్టించమని అక్కడికక్కడే చెప్పేశారు.

అప్పుడు వెలిగింది నాకు. ముందురోజు మా ఇంట్లో అక్క పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నావిడ ఈ డ్రైవరమ్మే! మంచాల సంగతి ఏ నర్సో, గొళ్లెం సంగతి అక్కడ ఊడ్చే మనిషో చెప్పి ఉంటారు. వాళ్ల పేర్లు బయటపడితే ఉద్యోగాలు ఊడతాయని, ఇన్నేళ్లూ ఈ మహానుభావుడు పిచ్చివాడి వేషం కట్టాడన్నమాట! ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

"బావా, ఎంత బాగా నటించావు!" అన్నాను ఇంజను దిగుతూ చెవిలో.

"అది ఇందాకటి మాటరా. ఇప్పుడు నిజంగానే వస్తోంది. ఈ స్టేషన్లో ఎక్కడుందో చూడు, పరిగెత్తు!"