బకెట్ అడుగున నల్ల చిప్పలు

మా వదిన మెర్లీన్ సగం జీవితం అమెరికాలో మెయిన్ రాష్ట్రపు సముద్రతీరం బురదలోనే గడిపింది. సముద్రం వెనక్కి తీసినప్పుడు మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, నడుం రెండుగా వంచి, ఆల్చిప్పలు తవ్వి అమ్మేది. నడుం పట్టేశాక తవ్వకం మానింది గానీ చౌడర్ అనే ఆల్చిప్పల పాలపులుసు వండడం మానలేదు.

ఆ వంటలో ఆవిడకి తొందర ఉండదు. ఉప్పు పట్టించిన పంది కొవ్వు ముక్కలు సన్నసెగ మీద కరకరలాడాలి. ఆ కరిగిన కొవ్వులోనే ఉల్లిపాయలు మగ్గాలి. ఆల్చిప్పలు ఉడికిన నీళ్లు గుడ్డలో వడకట్టి, వాటిలోనే బంగాళదుంపలు ఉడికించాలి. ఆల్చిప్పల మాంసం చివర్లో వేయాలి, లేకపోతే రబ్బరులా సాగుతుంది. పాలూ మీగడా పోసేది పొయ్యి కట్టేశాకే. పిండి కలిపి చిక్కబరిచే వాళ్లని ఆవిడ వంటవాళ్ల లెక్కలోకి తీసుకోదు. అంతా అయ్యాక మూతపెట్టి సాయంత్రం దాకా ఎవరినీ ముట్టుకోనివ్వదు. అలా ఊరితేనే రుచి దిగుతుందంటుంది.

ఆ జూన్ శనివారం కూతురూ అల్లుడూ పిల్లలూ రాత్రి భోజనానికి రావాలి. పొద్దున తలుపు తీస్తే మెట్ల మీద బకెట్ నిండా ఆల్చిప్పలున్నాయి. మా ఊళ్లో ఇది మామూలే. తవ్వినవాళ్లకి ఎక్కువైతే ఎవరో ఒకరి మెట్ల మీద పెట్టి పోతారు. పేరు చెప్పరు. ఎవరు పెట్టారని అడిగితే మర్యాద కాదు. వదిన అడగలేదు, కడిగి వండేసింది.

మధ్యాహ్నం ఆవిడ పంపు బాగుచేద్దామని పనిముట్ల సంచితో వెళ్లాను.

"బూట్లు బయట విప్పు లిండన్. ఇప్పుడే తుడిచాను."

"మిల్ కోవ్ బురదని తవ్వకానికి మూసేశారు వదినా. ఇందాకే రేవు దగ్గర బోర్డు కొట్టారు. ఎర్ర పోటట."

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఎర్ర పోటంటే సముద్రంలో విషపు నాచు పెరిగి ఆల్చిప్పల్లోకి ఎక్కడం; నీళ్లు ఎర్రగా కనబడాలని లేదు. ఆల్చిప్పల రుచీ మారదు, వాసనా మారదు. ఎంత ఉడికించినా ఆ విషం చావదు. ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత చేతులు, చివరికి ఊపిరి ఆగుతుంది.

వదిన వెనక గుమ్మంలోకి వెళ్లి, ఒలిచిన చిప్పల బకెట్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పైవి తెల్లగా, పల్చగా ఉన్నాయి. అవి బయటి ఇసుక మేటవి, అక్కడ మూయలేదు. వాటితో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ వాటిని చేత్తో తోడి పక్కన పోసింది. బకెట్ అడుగునున్నవన్నీ నల్లగా, సిరా పట్టినట్టున్నాయి.

"ఇవి మిల్ కోవ్ నల్లబురదవి," అంది. "రెండు చోట్లా తవ్వి ఒకేదాంట్లో పోశారు."

"పోనీలే వదినా, ఎవరూ తినలేదుగా. పారబోసేద్దాం."

ఆవిడ లోపలికొచ్చి గిన్నె మూత తీసింది. నేనూ తొంగిచూశాను. గిన్నె గోడకి మీగడ గీత ఉంది. చౌడర్ ఆ గీతకి రెండు వేళ్లు కిందుంది. వదిన అలమర వైపు తిరిగింది. అన్నయ్య పడవలోకి పట్టుకెళ్లే వెడల్పు మూతి ఫ్లాస్కు అక్కడ లేదు.

"డెల్మాంట్," అంది. "నేను బట్టలారేస్తుంటే పట్టుకుపోయాడు."

మా అన్నయ్య అప్పటికే ఎండ్రకాయల బోనులు లాగడానికి పడవలో ఒంటరిగా వెళ్లిపోయాడు. రేడియోలో పిలిచాను. పలకలేదు. బోనులు లాగేటప్పుడు వాడు రేడియో కట్టేస్తాడు, ఆ వాగుడుకి ఎండ్రకాయలు పారిపోతాయంటాడు. ఎప్పుడూ నవ్వొచ్చే మాట అది. వదిన ఫోన్ తీసి, "రేవుకి అంబులెన్స్ పంపండి, మనిషిని మేం తెస్తాం," అని చెప్పి, ఏప్రనుతోనే నా పడవెక్కింది.

దారంతా ముందు నిలబడి అన్నయ్య బోనుల తాళ్లకి కట్టి తేలేసిన బోయాలు చూస్తూ పోయింది. పసుపు మీద నల్ల చార వాడి గుర్తు. ఒక్కో బోయా దాటుతుంటే "ఇది లాగేశాడు, తాడుకి నాచు లేదు," అనేది. తర్వాత, "ఇది లాగలేదు," అంది. ఇక ఏమీ అనలేదు.

రాళ్ల దీవి వెనక వాడి పడవ మనిషి నడపనట్టు మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. పక్కకి చేర్చేసరికి అన్నయ్య ఎర పీపాకి ఆనుకుని కూర్చునున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"మీరెందుకొచ్చారు?" అన్నాడు, నాలుక మందంగా. "చేతులు నా చేతుల్లా లేవే. చలేసిందేమో అనుకున్నా."

"ఎంత తిన్నావు?" అంది వదిన.

"అంతా."

"దొంగసచ్చినోడా! సాయంత్రం దాకా ఆగలేకపోయావా?"

"నువ్వు వండి ఆగమంటే ఎలా ఆగేది?"

ఇద్దరం కలిసి వాడిని నా పడవలోకి లాగాం. వదిన వాడి తల ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి వాడి ఛాతీ మీద ఆనించి కూర్చుంది. నేను ఇంజన్ ఎంత పరిగెత్తగలదో అంతా పరిగెత్తించాను.

"నిద్రపోకు. మన పెళ్లికి మీ అమ్మ ఏం వండిందో చెప్పు."

"చేప."

"ఎలా ఉంది?"

"ముళ్లు... మీ నాన్న గొంతులో..."

"ఆ, ఇరుక్కుంది. తర్వాత?"

"నువ్వు... నవ్వావు."

"నవ్వింది మా చెల్లెలు. సరిగ్గా చెప్పు. డెల్మాంట్! సరిగ్గా చెప్పు!"

సగం మాటలు నాకు వినబడలేదు. వినబడినవి మాటల్లా లేవు.

"గట్టిగా తోలు లిండన్!"

"ఇంతకన్నా లేదు వదినా!"

రేవులో అంబులెన్సుంది, నలుగురు మనుషులున్నారు. వాళ్లలో క్యారల్ అనే తవ్వకం మనిషి మొహం పాలిపోయి ముందుకొచ్చాడు. "మెర్లీన్, ఆ బకెట్... నిన్న సాయంత్రం తవ్వాను, అప్పటికింకా బోర్డు లేదు..."

"తాడు పట్టుకో క్యారల్," అంది ఆవిడ. "మాటలు తర్వాత."

వాడు పట్టుకున్నాడు. ముడి సరిగ్గానే వేశాడు.

ఆసుపత్రి చేరేసరికి అన్నయ్య వేలు కూడా కదపలేకపోయాడు. విషానికి విరుగుడు లేదు, ఒంట్లోంచి పోయేదాకా యంత్రమే ఊపిరి పీల్చాలి, అన్నారు. మనిషికి తెలివుంది, అన్నీ వినబడతాయి, అన్నారు. అది విన్నాక వదిన పక్కనుంచి లేవలేదు. యంత్రం లేచినప్పుడు తనూ పీల్చింది, అది దిగినప్పుడు తనూ వదిలింది. నర్సు వచ్చి, "అమ్మా, మీరు మీ ఊపిరి పీల్చుకోండి," అనాల్సి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య బొటనవేలు కదిలింది. సాయంత్రానికి చెయ్యి నొక్కగలిగాడు. డాక్టరు వచ్చి, ఊపిరి గొట్టం తీసి చూద్దాం అంది.

యంత్రం ఆపేశారు. అప్పటిదాకా ఆ చప్పుడుకి అలవాటుపడ్డ చెవులకి గదిలో ఏమీ మిగల్లేదు. అన్నయ్య ఛాతీ కదలలేదు. వదిన వాడి చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది. నేను గోడ పట్టుకున్నాను. డాక్టరు చెయ్యెత్తి ఆగమంది.

తర్వాత ఛాతీ లేచింది, చాలా కొద్దిగా. ఆగి, మళ్లీ లేచింది.

వదిన పిడికిలి విప్పలేదు. ఇంకోసారి లేచేదాకా చూస్తూనే ఉంది.