కొండలన్న నేర్పిన పని

శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో అనుపమ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. చెడ్డ పిల్లేం కాదు. మెప్పంటే మాత్రం చెవి కోసుకునేది.

ఏటా ఎండాకాలం సెలవుల్లో కొత్వాల్‌గూడ నుంచి కొండల్ వచ్చి, పిల్లలు పాడుచేసిన కంప్యూటర్లకు విండోస్ కొత్తగా ఎక్కించేవాడు. అక్కడి సీడీ డ్రైవులన్నీ దుమ్ముకు ఏనాడో చచ్చాయి. తనతో తెచ్చుకున్న ఒక్క డ్రైవునే ఒక్కో మిషన్‌కూ తగిలిస్తూ వారానికి పైగా కూర్చునేవాడు. ఎండాకాలం ఆయన ఇల్లు గడిచేది ఆ పనితోనే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ ఆయనే అనుపమకు చెప్పాడు.

2011లో వచ్చినప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "చెల్లె, ఇగ సీడీలు బంద్. వచ్చే ఏడు పెన్‌డ్రైవ్‌తోనే చేద్దాం, నువ్వు గూడ నేర్చుకో" అన్నాడు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టించాడు. డిస్కుల జాబితాలో పెన్‌డ్రైవ్‌ను సైజు చూసి పోల్చుకోవడం, దాన్నే ఎంచుకుని, అందులోదంతా చెరిపేసే క్లీన్ కొట్టడం, పార్టిషన్ చేసి, కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా యాక్టివ్ చేయడం, ఫార్మాట్ అయ్యాక విండోస్ ఫైళ్లు అందులోకి కాపీ చేయడం, అన్నీ ఆమె చేతే చేయించాడు. విసుగన్నది ఎరగని మనిషి.

మరుసటి ఏడు సెలవులు రాగానే, ఆయన రాకముందే, అనుపమ పెన్‌డ్రైవ్ తయారుచేసి ల్యాబంతా తానే పూర్తిచేసేసింది. ప్రిన్సిపాల్ సత్తయ్య సార్ దగ్గర పేరు కొట్టేయాలన్న ఉబలాటం. సార్ పొంగిపోయి, ఇక బయటి మనిషి దేనికన్నాడు. కొండల్ పని పోయినట్టేనని ఆమెకు అప్పుడు తట్టింది. కొండల్‌కు ఫోన్ చేసి చెబుదామని రోజూ అనుకుంది, రోజూ రేపన్నది.

ఆయన మామూలుగానే సంచి తగిలించుకుని వచ్చాడు. ఈ ఏడు ఈ పనికి డబ్బుల్లేవని సార్ అన్నారని అనుపమ అబద్ధమాడింది.

"గంతే గద? పైసలు మెల్లగ ఇయ్యమను. బడి తెరిచినంక కంప్యూటర్లు నడుస్తలేవని నీకు మాట రావద్దు" అంటూ కొండల్ మొదటి కంప్యూటర్ ఆన్ చేశాడు.

విండోస్ కొత్తగా, చకచకా తెరుచుకుంది. రెండోది చూశాడు. మూడోదీ చూశాడు. అనుపమ తలెత్తలేకపోయింది. అబద్ధం దొరికిపోయిన సిగ్గు ఒకవైపు, అన్నా అని పిలుస్తూనే ఆయన నోటికాడి కూడు లాక్కున్నానన్న బాధ ఒకవైపు.

"అన్నీ నువ్వొక్కదానివే చేసినవా?"

తల ఊపింది.

కొండల్ సంచి భుజాన వేసుకుని సార్ గదిలోకి వెళ్లాడు. తన బండారం బయటపడుతుందని, ఉద్యోగం పోతుందని అనుపమ అనుకుంది. పోనీ, పోవాల్సిందే అని కూడా అనుకుంది. తెరిచిన తలుపులోంచి ఆయన మాట వినిపించింది.

"సార్, నా పనంత ఆ పిల్లనే చేసింది. నాకిచ్చే పైసలు ఆమెకియ్యుండ్రి."

సత్తయ్య సార్ నిజంగానే ఇచ్చాడు. అనుపమ తీసుకుంది. ఆ తీసుకున్నందుకే ఇప్పటికీ ఆయనుండే కొత్వాల్‌గూడ దారిన పోలేదు.