నెత్తురు అడిగినారు, నీళ్ల సంగతి అడగలేదు

అరవైల మొదట్లో జువ్వలదిన్నె దగ్గర ఒక చేపలవాళ్ల పాళెంలో నేను మిషన్ బడి పంతులమ్మని. ఇరవై రెండేళ్లు నాకు. ఆ ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగింది హెడ్‌మాస్టరుగారూ నేనూ ఇద్దరమే.

ఒక వేసవిలో ఏదో విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు, ఇద్దరు శిష్యులు జీపులో వచ్చారు. మేనరికాలు చేసుకునే కులాల్లో నెత్తురు ఎలా ఉంటుంది, దాన్నిబట్టి మనుషుల బతుకులు ఎలా ఉంటాయి అన్నది వాళ్ల పరిశోధన. బడి వరండాలో బల్ల వేసి, జనాన్ని వరసగా నిలబెట్టి, పెద్ద పటకారులాంటి దానితో తలలు కొలిచారు. నాలుక మీద కాగితం ముక్క పెట్టి చేదుగా ఉందా అని అడిగారు. అంతవరకూ నవ్వులాటగానే సాగింది. వేలి కొస పొడిచి నెత్తురు తీస్తామనేసరికి ఆడవాళ్లు వెనక్కి తగ్గారు.

"మీరు చెప్తే వింటారు. జబ్బులుంటే తెలుస్తాయనీ, మందులు పంపిస్తామనీ చెప్పండి," అన్నాడు ప్రొఫెసరు నాతో.

"నిజంగా పంపిస్తారా అండీ?"

"ముందు వాళ్లని రానివ్వండమ్మా."

అది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. అయినా వెళ్లి చెప్పాను. అంత పెద్దమనిషి నా సాయం అడిగాడన్న గొప్ప తలకెక్కింది.

ముందుగా వచ్చి చెయ్యి చాపింది మేనమామను చేసుకున్న ఒకామె. నా ఈడుదే. అమ్మమ్మే ఆమెకు అత్త. ముగ్గురు పిల్లల్ని కని, ముగ్గుర్నీ రెండేళ్లు నిండకుండానే పోగొట్టుకుంది.

"నా బిడ్డలు ఎందుకు పోయినారో ఇందులో తెలుస్తాదా పంతులమ్మా?"

"తెలుస్తుంది," అన్నాను.

ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఆమె ఫోటోలు తీశారు. ఎన్ని కాన్పులు, ఎన్ని చావులు, మొగుడు ఏ వరస, అన్నీ రాసుకున్నారు. బిడ్డలు ఏ జబ్బుతో పోయారో మాత్రం అడగలేదు.

మందులు రాలేదు. రెండేళ్లకు హెడ్‌మాస్టరుగారికి పోస్టులో ఒక అచ్చు పుస్తకం వచ్చింది. అందులో ఆమె ఫోటో ఉంది. దాని కింద ఒక అంకె. ఈ కులంలో పిల్లల చావులకూ, చదువు అబ్బకపోవడానికీ, పేదరికానికీ కారణం నెత్తురులోనే ఉందని రాశారు. పలకలు లేక ఇసకలో అక్షరాలు దిద్దే నా బడిపిల్లలు పుట్టుకతోనే మొద్దులట! ఆ పేజీ చించి పొయ్యిలో పెట్టాలనిపించింది.

హెడ్‌మాస్టరుగారు దాన్ని కులపెద్దలకు చదివి వినిపించారు. చెడ్డవాడు కాదాయన. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మే మనిషి. వారం తిరక్కుండానే పెద్దలు ఆమె మొగుడికి బయటి సంబంధం చూడాలని తేల్చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బడి నోటుబుక్కు ఒకటి తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. బిడ్డ ఎలా పోయింది? వాంతులూ విరేచనాలూ. ఏ నీళ్లు తాగుతారు? ఉప్పుకాలువ పక్కనున్న చెలమ నీళ్లు. మేనరికం ఇంట్లోనూ అదే మాట, బయటి సంబంధం చేసుకున్న ఇంట్లోనూ అదే మాట. మేనరికంలో కీడే లేదని వాదించను, అంత చదువు నాకు లేదు. కానీ అన్ని గాజుగొట్టాల నిండా నెత్తురు పట్టుకుపోయినవాళ్లు ఒక్క ముంతెడు నీళ్లు ఎందుకు పట్టుకుపోలేదు? బడి ఆవరణలో మంచినీళ్ల బావి ఉంది. పాళెం వాళ్లని అందులో తోడనిచ్చేవాళ్లం కాదు. ఆ నీళ్లు తాగినదాన్ని నేనూ ఒకదాన్ని.

నోటుబుక్కు తీసుకుని పెద్దల ముందుకు వెళ్లాను.

"మన పంతులమ్మ డాక్టరు ఎప్పుడైనాది?" అన్నాడు ఒక పెద్ద. అందరూ నవ్వారు.

అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న ఆమె మొగుడు లేచాడు. "నేను ఇంకోదాన్ని చేసుకోను. ఆ పుస్తకం మీరే పెట్టుకోండి," అని వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఎవరూ అతన్ని సముద్రం మీద వేటకు పిలవలేదు.

హెడ్‌మాస్టరుగారితో గట్టిగా పోట్లాడితే చివరికి బావి గేటు తాళం తీశారు. ప్రొఫెసరుకు రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

ఆమెను క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. ఇసకలో చేపలు ఆరబెడుతోంది. తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పినావనే చెయ్యి చాపినాను. తెలీకపోతే తెలీదని చెప్పుండొచ్చు కదా పంతులమ్మా."

ఆమె చేపలు తిరగేస్తూ ఉండిపోయింది.

తర్వాత ఆమెకు ఆడబిడ్డ పుట్టింది, నిలిచింది. ఐదేళ్లు నిండాక ఆ బిడ్డను బడిలో చేర్చడానికి ఆమె రాలేదు. మొగుణ్ణి పంపింది.